మత కేంద్రాల పత్రాలు – పరిశోధకుల ప్రవేశం

యానాంలో ఫ్రెంచి పాలన 1954 జూన్ 13న అంతమైంది. ఆనాటి యానాం క్రైస్తవ సమాజాన్ని అధ్యయనం చేయడానికి ప్రభుత్వ దస్త్రాలతోపాటు చర్చి పత్రాలు కూడా అవసరం. క్యాథలిక్కుల ప్రధాన కేంద్రమైన వాటికన్ తన పత్రాగారాన్ని 1881లోనే పరిశోధకులకు తెరిచింది. అయితే అక్కడ సాధారణంగా ఒక్కొక్క పోప్ హయాంలోని పత్రాలను ఒకేసారి అందుబాటులోకి తెస్తారు. పన్నెండవ పయస్ హయాం (1939–58) పత్రాలను 2020 మార్చి 2న తెరిచారు. అంటే 1954 నాటి పత్రాల కోసం పరిశోధకులు 65 ఏళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చింది. అందువల్ల అంతకుముందు వెలువడిన గ్రంథాలలో ఒక విషయం కనిపించనంత మాత్రాన అది జరగలేదని నిర్ధారించరాదు. ఆధారం లేకపోవడం వేరు, ఆధారాన్ని చూడనివ్వకపోవడం వేరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఈ తేడా చరిత్ర రచనను ఎలా ప్రభావితం చేస్తుంది?