శూన్యానికీ ఒక పని ఉంది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉదయం వరండా గోడను తడిమితే వేలికి నల్లని నుసి అంటడం మన గృహిణులందరికీ అనుభవమే. కోర్బా బొగ్గుతో రైళ్లు రేయింబవళ్లు ఈ ఊరి మీదుగా సాగుతూనే ఉంటాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగరీత్యా ఇటు వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నుసితో రాజీపడి బ్రతికాయి. ఇప్పుడు మేడలపై వెలుస్తున్న సౌరఫలకాలు మాత్రం అంత సులభంగా రాజీపడవు.

గాజు ఉపరితలం తనపై పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనుకకు మరలిస్తుంది. గాలి వక్రీభవన గుణకం 1, గాజుది 1.5. ఈ రెంటి నడుమ 1.22 గుణకం గల పలుచని పొర ఉంటే ఆ నష్టం దాదాపు తొలగుతుంది. సిలికా గుణకం 1.46. దానిలో ఇంచుమించు సగం ఖాళీగా ఉంచగలిగితేనే కావలసిన విలువ సిద్ధిస్తుంది.

ఆ ఖాళీని కల్పించే విధానం మనకు క్రొత్తది కాదు. ఇటుకల మట్టిలో ఊక కలిపి కాలిస్తే ఊక దగ్ధమై రంధ్రాలు మిగులుతాయి కదా! టెట్రా ఇథైల్ ఆర్థోసిలికేట్‌ను ఆల్కహాలు, నీరు, కొద్దిపాటి ఆమ్లంతో కలిపి, అందులో సబ్బు జాతి పదార్థాన్ని చేరుస్తారు. గాజును ఈ ద్రావణంలో ముంచి సమవేగంతో పైకి తీస్తారు. వేగం పెరిగితే పూత మందమవుతుంది. 400 డిగ్రీలకు పైగా వేడిచేయగా సబ్బు అణువులు కాలిపోయి, వాటి స్థానాలు శూన్యాలుగా నిలుస్తాయి. పొర మందం సుమారు 110 నానోమీటర్లు, అంటే తలవెంట్రుకలో దాదాపు 600వ వంతు. హైదరాబాదు చెంత బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రం ఇట్టి సోల్-జెల్ పూతలపై కృషి చేస్తున్నది.

అల్యూమినియం కిటికీ చట్రాల కథ దీనికి విలోమం. గంధకామ్లంలో విద్యుత్తును ప్రసరింపజేస్తే లోహంపై నిలువు రంధ్రాల ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అందులో రంగు నింపి, మరిగే నీటిలో ఉంచితే పొర ఉబ్బి రంధ్రాలు మూసుకుంటాయి. అక్కడ మూయడమే ప్రయోజనం, ఇక్కడ తెరచి ఉంచడమే.

చిక్కంతా ఇక్కడే. రంధ్రాలెక్కువైతే పొర బలహీనపడుతుంది. అందుకే తయారీదారులు కొంత కాంతిని వదులుకొని దృఢత్వాన్ని కోరుకుంటారు. అయినా పొడిగుడ్డతో రుద్దితే బొగ్గు నుసి గరుకు కాగితమై పూతను గీరివేస్తుంది. ఆ గీతలు కంటికి ఆనవు, పోయిన పూత తిరిగి రాదు. ఎండ ముదరక మునుపే ధారాళంగా నీరు పోసి, నుసి కొట్టుకుపోయాక మెత్తని తడిగుడ్డతో తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాగిన గాజుపై చన్నీళ్లు గుమ్మరించరాదు, గాజే పగులవచ్చు.