బస్సుల యజమాని పెట్టిన టైర్ల ఫ్యాక్టరీ

దక్షిణ కొరియా నైరుతి మూలన ఉన్న గ్వాంగ్జు నగరంలో 1946లో పార్క్ ఇన్‌చాన్ అనే వ్యాపారి రెండు పాత కార్లు కొని టాక్సీలు తిప్పడం మొదలుపెట్టారు. రెండేళ్లకు బస్సులు వేశారు. ఆ తర్వాత వచ్చిన కొరియా యుద్ధం దేశాన్ని చితికిపోయేలా చేసింది. యుద్ధం ముగిశాక రోడ్డెక్కిన బస్సులకు మంచి టైర్లు దొరకడం గగనమైపోయింది. టైరు లేక బస్సు ఆగితే ఆ రోజు రాబడి పోయినట్టే. ఇలాగైతే లాభం లేదని ఆయన 1960లో సాంయాంగ్ పేరుతో సొంతంగా టైర్ల ఫ్యాక్టరీ పెట్టారు. నేటి కుమ్హో టైర్ అదే. మొదట్లో అక్కడ తయారైనవి రోజుకు 20 టైర్లు మాత్రమే.

ఆ అంకె చిన్నదే కానీ, టైరు తయారీ అంత తేలికైన పని కాదు. ముడి రబ్బరు ఎండకు జిగురుగా సాగుతుంది, చలికి బిగుసుకుపోతుంది. దానికి కార్బన్ బ్లాక్, గంధకం, నూనెలు కలిపి యంత్రంలో పిసుకుతారు. అలా తయారైన రబ్బరు పొరలను, దారాల అల్లికను, ఉక్కు తీగల చుట్టలను ఒకదానిపై ఒకటి చుడతారు. అప్పటికది గాళ్లు లేని, మెత్తని పచ్చి టైరు. దాన్ని అచ్చులో పెట్టి, లోపలి నుంచి ఆవిరితో ఒత్తుతూ వేడిచేస్తే గంధకం రబ్బరు అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. పైన గాళ్లు పడేదీ అప్పుడే. ఇంతా చేస్తే కొరియాలో రబ్బరు చెట్లు పెరగవు, ముడిసరుకు ఆగ్నేయాసియా నుంచి రావాల్సిందే.

1974లో గ్వాంగ్జులోనే పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. కొరియా కార్ల పరిశ్రమ ఎదుగుతుంటే దానితోపాటే కుమ్హో కూడా ఎదిగింది. విమానాల టైర్లు కూడా చేసింది. చైనాలో, వియత్నాంలో, 2016లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఫ్యాక్టరీలు తెరిచింది. దాని మాతృసంస్థ కుమ్హో గ్రూపు 1988లో ఏషియానా విమాన సంస్థను కూడా ప్రారంభించింది.

కుమ్హోను దెబ్బతీసింది టైర్ల వ్యాపారం కాదనే నేను గట్టిగా నమ్ముతాను. కుమ్హో గ్రూపు 2006లో డేవూ నిర్మాణ సంస్థను సుమారు 6.4 లక్షల కోట్ల వోన్లకు, 2008లో సరుకు రవాణా సంస్థ కొరియా ఎక్స్‌ప్రెస్‌ను మరో 4.1 లక్షల కోట్లకు కొన్నది. అందులో చాలా భాగం అప్పు, బయటి మదుపుదారుల సొమ్ము. అంతలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. 2009 చివరికి టైర్ల కంపెనీ పగ్గాలు కూడా అప్పిచ్చిన బ్యాంకుల చేతికి పోయాయి. తిరిగి కొనుక్కోవాలని పార్క్ కుటుంబం చేసిన ప్రయత్నం ఫలించలేదు. 2018లో చైనా కంపెనీ డబుల్‌స్టార్ 64,630 కోట్ల వోన్లకు 45 శాతం వాటా తీసుకుంది. ఉద్యోగాలు, ఫ్యాక్టరీలు తరలిపోతాయేమోనని కార్మికులు సమ్మెలకు దిగి, చివరి క్షణంలో గానీ ఒప్పుకోలేదు. ఆ భయం అకారణం కాదు. పైవాళ్లు చేసిన అప్పుకు జీతాల కోతలు భరించింది వాళ్లే.

2025 మే 17న గ్వాంగ్జు ఫ్యాక్టరీలో రబ్బరును కలిపే విభాగంలో మంటలు లేచాయి. రబ్బరు అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో ఊరంతా కమ్మిన నల్లటి పొగే చెప్పింది. ఉత్పత్తి ఆగిపోయింది. రెండు వేలకు పైగా కార్మికుల భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. అదే ఏడాది యాజమాన్యం, కార్మిక సంఘం మాట్లాడుకుని, పొరుగునే ఉన్న హంప్యాంగ్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టాలని ఒప్పందానికి వచ్చాయి.