మెలనిన్ లేని ఒంటికి వెలుగు వైద్యం

ఏడాదిలో రెండుసార్లు ప్రొద్దుటూరులో మిట్టమధ్యాహ్నం నిలువుగా పాతిన గుంజకు నీడ పడదు. ఏప్రిల్ ఆఖరున ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజులకు అటూ ఇటూ నెలల తరబడి జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో నాపరాయి తీసేవాళ్లు, పులివెందుల వైపు అరటి, చీనీ తోటల్లో పనిచేసేవాళ్లు, శనక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు పొద్దు గూకేదాకా ఎండలోనే ఉంటారు. అయినా ఎండ వల్ల చర్మం మీద లేచే క్యాన్సర్ ముందరి మచ్చలు వాళ్లలో చాలా అరుదు. వైద్యులు ఆక్టినిక్ కెరటోసిస్ అనే ఈ మచ్చలు ఆస్ట్రేలియాలో నలభై దాటిన తెల్లవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఉంటాయి. మరి వాటిని వెలుగుతో మాన్పే చికిత్స గురించి కడప జిల్లాలో మాట్లాడుకోవలసిన అవసరం ఏమిటి? ఉందనే నా వాదన. మనలో కొద్దిమందికి ఆ ఎండను ఆపే కవచం పుట్టుకతోనే లేదు.

ఆ కవచం మెలనిన్. చర్మం పైపొర కణాల్లో ఈ రంగు పదార్థం సన్నని రేణువులుగా చేరి, కణకేంద్రకం మీద సరిగ్గా ఎండ పడే వైపున గొడుగులా సర్దుకుంటుంది. అతినీలలోహిత కిరణాలు కేంద్రకంలోని డీఎన్ఏను తాకకముందే చాలావరకు అక్కడ ఆగిపోతాయి. 1979లో అమెరికాలో చేసిన కొలతల్లో, తెల్లవాళ్ల పైచర్మం గుండా యూవీబీ అనే రకం అతినీలలోహిత కిరణాలు నూటికి 24 పాళ్లు లోపలికి దిగితే, నల్లవాళ్ల చర్మం గుండా 7 పాళ్లకు కాస్త మించి మాత్రమే దిగాయి. మన చామనఛాయ ఆ రెండింటి నడుమ ఉంటుంది. ఆల్బినిజంతో పుట్టినవారిలో మెలనిన్ తయారయ్యే దారిలోనే లోపం ఉంటుంది కాబట్టి ఆ గొడుగు లేదు. జుట్టు తెల్లగా, ఒళ్లు గులాబీ రంగులో ఉంటాయి. కళ్లు వెలుతురును ఓర్వలేవు, చూపు మసకగా ఉంటుంది. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బిడ్డకు ఇది కనిపిస్తుంది. రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగేచోట ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. మేనరికం మన వైపు ఇంకా మామూలే. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో 17,000 నుంచి 20,000 మందిలో ఒకరు ఇలా పుడతారని అంచనా.

గొడుగు లేని కణంలో జరిగేది ఇదీ. యూవీబీ కిరణం డీఎన్ఏ నిచ్చెనలో పక్కపక్కనున్న రెండు మెట్లను ఒకదానికొకటి అతికిస్తుంది. కణం దాన్ని కత్తిరించి సరిచేసుకుంటుంది, కానీ వేల సార్లు సరిచేసేటప్పుడు ఎక్కడో ఒకచోట తప్పు మిగులుతుంది. చెడిపోయిన కణాన్ని చంపించే పీ53 అనే కాపలా జన్యువులోనే ఆ తప్పు పడితే, ఆ కణం బతికిపోయి తన సంతతిని పెంచుకుంటుంది. నుదురు, చెవి అంచులు, మెడ వెనక, ముంజేతులు, కింది పెదవి మీద ఇలాంటి కణాల గుంపే మచ్చగా తేలుతుంది. కంటికి కనిపించకముందే వేలికి తెలుస్తుంది. తడిమితే గరుకు కాగితం మీద వేలు పెట్టినట్టుంటుంది, గిల్లితే పొలుసు ఊడి మళ్లీ కడుతుంది. ఒక్కో మచ్చ ఒక ఏడాదిలో క్యాన్సర్‌గా మారే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువే. అయితే ఆల్బినిజం ఉన్న మనిషికి మచ్చ ఒకటీ రెండూ కాదు, ముఖమంతా, రెండు ముంజేతులూ చెడిన నేలే. పైగా ఆ ఎండ దెబ్బ పసితనం నుంచే మొదలవుతుంది. తక్కువ అవకాశాన్ని అన్ని మచ్చలతోనూ అన్నేళ్లతోనూ హెచ్చవేసి చూడాలి.

ఇలాంటి చెడిన నేల మొత్తానికి పనికొచ్చే చికిత్సల్లో ఒకటి ఫోటోడైనమిక్ థెరపీ. 1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి తన పరిశోధనను ప్రచురించాడు. అక్రిడిన్ రంగు కలిపిన నీటిలో పారమీసియం అనే సూక్ష్మజీవులు ఒకరోజు చచ్చినంత త్వరగా ఇంకోరోజు చావకపోవడం అతడు గమనించాడు. తేడా రంగులో లేదు, గదిలోకి పడ్డ వెలుతురులో ఉంది. రంగు ఒక్కటే ఉన్నా, వెలుగు ఒక్కటే ఉన్నా జీవి బతికే ఉంటుంది, రెండూ కలిస్తేనే చస్తుంది. ఇప్పటి చికిత్సకూ మూలం అదే. రక్తానికి ఎర్రదనమిచ్చే హీమ్‌ను మన ఒంట్లో ఇంచుమించు ప్రతి కణమూ తయారు చేసుకుంటుంది, ఆ తయారీలో ముడిసరుకు అమినోలెవులినిక్ ఆమ్లం. దీన్ని మందుగా మచ్చ మీద పూస్తే చెడిన పొలుసు సందుల్లోంచి సులువుగా లోపలికి దిగుతుంది. తయారీలో చివరి మెట్టు ఇనుమును అమర్చడం. చెడిన కణాల్లో ఆ మెట్టు మందకొడిగా సాగుతుంది కాబట్టి, దానికి ముందు మెట్టులోని ప్రోటోపార్ఫిరిన్ అక్కడే పేరుకుపోతుంది. చీకటి గదిలో ఊదారంగు వుడ్స్ దీపం కింద చూస్తే మంచి చర్మం మసకగా ఉండి, చెడిన చోటు మాత్రం పగడంలా ఎర్రగా మెరుస్తుంది. కంటికి తెలియని మచ్చలు కూడా అప్పుడు బయటపడతాయి. దాని మీద 417 నానోమీటర్ల నీలి వెలుగో, 630 చుట్టుపక్కల ఎర్ర వెలుగో వేస్తే, ప్రోటోపార్ఫిరిన్ ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా రెచ్చిన ఆక్సిజన్ బతికేది సెకనులో లక్షోవంతు కూడా కాదు. అందుకే అది తాను పుట్టిన కణాన్ని చంపుతుంది గానీ పొరుగు కణం దాకా వెళ్లలేదు.

ఎండతో చెడిన చర్మానికి మళ్లీ వెలుగా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబంతా ఏ వెలుగు అన్నదానిలోనే ఉంది. కంటికి కనిపించే నీలి, ఎర్ర కిరణాలకు యూవీబీలా డీఎన్ఏ మెట్లను నేరుగా అతికించే శక్తి లేదు. ఈ తేడా మన వైపు మరీ ముఖ్యం, ఎందుకంటే మనకు తెలిసిన వెలుగు వైద్యం ఇంకొకటి ఉంది. రేగడి చేలల్లో కలుపుగా మొలిచే బావంచాల గింజను మూలికల అంగళ్లలో బొల్లికి అమ్ముతారు. అందులోని సొరాలెన్ చర్మంలో చేరి, యూవీఏ అనే మరో రకం అతినీలలోహితం పడగానే డీఎన్ఏకే అతుక్కుంటుంది, రంగు కణాలను రెచ్చగొడుతుంది. ఆ సూత్రం మీదే వచ్చిన పువా చికిత్సను ఎన్నోసార్లు తీసుకున్న సోరియాసిస్ రోగులను అమెరికాలో దశాబ్దాల పాటు గమనిస్తే, వారిలో పొలుసు కణాల క్యాన్సర్ పెరిగినట్టు తేలింది. బొల్లికి ఇప్పుడు వాడే 311 నానోమీటర్ల దీపమూ యూవీబీ దీపమే. బొల్లి ఉన్నవారిలో చుట్టుపక్కల, వెంట్రుకల కుదుళ్లలో రంగు కణాలు మిగిలి ఉంటాయి కాబట్టి వారికి దానివల్ల మేలుంది. ఆల్బినిజంలో మేల్కొలపడానికి రంగే లేదు. బిడ్డ తెల్లగా పుట్టిందని బొల్లి అనుకుని బావంచాల నూనె పూసి ఎండలో కూర్చోబెడితే రంగు రాదు, చర్మం కాలుతుంది, క్యాన్సర్‌కు దారి పడుతుంది. వెలుగు వైద్యం అనే ఒక్క పేరు కింద ఈ రెండింటినీ కలపడం కన్నా పెద్ద ప్రమాదం ఈ విషయంలో నాకు కనిపించదు.

అంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి. 2019లో ప్రచురితమైన ఒక నెదర్లాండ్స్ అధ్యయనంలో 624 మంది మీద నాలుగు చికిత్సలను పోల్చి చూశారు. ఏడాది తర్వాత మచ్చలు కనీసం ముప్పాతిక వంతు తగ్గినవాళ్లు 5-ఫ్లూరోయురాసిల్ క్రీముతో నూటికి 75 మంది, వెలుగు చికిత్సతో 38 మంది. చౌకగా దొరికే క్రీమే మెరుగైతే దీపం ఎందుకు? ఈ లెక్కను దాటవేసి వెలుగు చికిత్సను పొగడడం నిజాయితీ కాదు. మొదట వాడవలసింది ఆ క్రీమే. కానీ దాన్ని నాలుగు వారాలు, రోజుకు రెండు పూటలా పూయాలి. ముఖమంతా పుండులా ఎర్రబడి మండుతుంది. కూలికి పోతేగానీ పూట గడవని మనిషి రెండో వారంలోనే మానేయడంలో ఆశ్చర్యం లేదు, సగంలో ఆపిన మందుకు ఆ 75 వర్తించదు. వెలుగు చికిత్స ఒకటి రెండు సిట్టింగుల్లో వైద్యుడి కళ్ల ముందే పూర్తవుతుంది, గాయపు మచ్చ మిగలడం అరుదు. విడిగా ఉన్న ఒకటి రెండు మచ్చలకైతే ఇవేవీ అక్కర్లేదు, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తే చాలు. పశువుల ఆసుపత్రుల్లో ఎద్దు వీర్యం నిలవ చేయడానికి మైనస్ 196 డిగ్రీల ఆ నైట్రోజన్ క్యాన్లు ఎప్పటినుంచో పల్లెల దాకా వస్తున్నాయి. ఆవుకు అందుతున్నది మనిషి చెవి అంచుకు అందకపోవడానికి ఖర్చు కారణం కాదు.

దీపం ఖరీదు మాటకొస్తే, దీపం లేకుండానే చేసే పద్ధతి డెన్మార్క్ వైద్యులు రూపొందించారు. పొలుసు గీకి, మందు పూసి, అరగంట తర్వాత పగటి వెలుతురులో రెండు గంటలు కూర్చోబెడతారు. ప్రోటోపార్ఫిరిన్ తయారవుతున్నకొద్దీ వెలుగు తగులుతుంటుంది కాబట్టి, దీపం కింద ఉండే భయంకరమైన మంట ఇందులో దాదాపు లేదు. మనకు పగటి వెలుతురుకు కొదవ లేదు, మైలవరం దగ్గర సోలార్ పార్కు పెట్టింది అందుకేగా. కానీ కోపెన్‌హాగన్ ఎండ వేరు, కడప ఎండ వేరు. ఆల్బినిజం ఉన్న మనిషిని ఇక్కడ రెండు గంటలు ఆరుబయట కూర్చోబెట్టడం పొరపాటు. మామూలు కిటికీ గాజు యూవీబీని దాదాపు మొత్తం ఆపి, కనిపించే వెలుతురును లోపలికి వదులుతుంది. గాజు కింద ఈ చికిత్స చేసే ప్రయత్నాలు ఐరోపాలో జరిగాయి. యూవీని ఆపే లేపనం, నల్లకళ్లద్దాలు, గాజు అమర్చిన ఉత్తరపు వరండా, డిసెంబరు జనవరి పొద్దులు ఉంటే కడప రిమ్స్ లాంటి చోట దీన్ని పరీక్షించి చూడవచ్చు. నమ్మి కాదు, కొలిచి చూడాలి.

చలికాలం ఎండ హాయిగా ఉంటుంది కాబట్టి హాని చేయదనుకోవడం మాత్రం తప్పు. వేడి తెచ్చేది పరారుణ కిరణాలు, డీఎన్ఏను చెడగొట్టేది అతినీలలోహితం. సంక్రాంతి మధ్యాహ్నం చల్లగాలిలో కూడా అది పడుతూనే ఉంటుంది. అందుకే చికిత్స కన్నా ముందు పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, బడిలో కిటికీకి దూరంగా బల్ల. టాంజానియాలోని మోషిలో చర్మవైద్య శిక్షణ కేంద్రం ఆల్బినిజం ఉన్నవారికోసమే ఎండను ఆపే ఒక లేపనం తయారు చేసి పంచుతోంది. మన వైపు మొదటి పని వాళ్లెవరో తెలుసుకోవడం. ప్రతి గడపా తెలిసిన ఆశా కార్యకర్తలకు అది కష్టం కాదు. మూడు నెలలకోసారి చెవి అంచులు, కింది పెదవి, మెడ వెనక వేలితో తడిమి చూడాలి. గరుకు మచ్చ గట్టిపడి మందమైనా, రక్తం కారినా, నెల దాటినా మానకపోయినా దానికి క్రీమూ వద్దు, వెలుగూ వద్దు. వెలుగు చికిత్స పనిచేసేది చర్మంలో రెండు మిల్లీమీటర్ల లోతు వరకే. అలాంటి మచ్చనుంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి, అవసరమైతే కోసి తీసేయాలి.