చీము పట్టని ఇన్‌ఫెక్షన్

కీమో ఎక్కించుకుని ఊరికి వచ్చిన మనిషికి పదో రోజు సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. థర్మామీటరు పెడితే 100.6 ఉంది, గంట తర్వాత చూసినా అంతే. దగ్గు లేదు, గొంతునొప్పి లేదు. 'ఈమాత్రానికి పట్నం దాకా ఎందుకు, ఓ జ్వరం బిళ్ళ వేసుకుని పడుకుంటే పొద్దుటికి తగ్గుతుంది' అంటారు ఇంట్లో. మామూలు మనిషికైతే అది సబబే. ఈ మనిషికి మాత్రం ఆ ఒక్క రాత్రి ప్రాణం మీదికి తేవచ్చు.

పుండు ఎర్రబడటం, వాయడం, చీము పట్టడం చాలావరకు మన రక్షణ కణాల పనే. చీములో ఎక్కువ భాగం క్రిములతో పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. కీమో మందు ఎముక మజ్జను దెబ్బతీయడంతో వాటి ఉత్పత్తి పడిపోతుంది. రక్తంలో మైక్రోలీటరుకు మామూలుగా 2,000కు పైగా ఉండే న్యూట్రోఫిల్స్, మందు ఎక్కించాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య 500 కన్నా కిందికి దిగవచ్చు. అప్పుడు ఊపిరితిత్తుల్లో న్యుమోనియా ఉన్నా మొదట్లో ఎక్స్‌రేలో మచ్చ కనిపించకపోవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఉంటుంది, దాని ఆనవాళ్ళు ఉండవు. చాలామందిలో బయటపడేది జ్వరం ఒక్కటే.

క్రిమి బయటి నుంచే రానక్కర్లేదు కూడా. కీమో తర్వాత నోట్లో పుళ్ళు పడినట్టే పేగుల లోపలి పొరా దెబ్బతింటుంది. అక్కడే కాపురముండే ఈ.కొలై, క్లెబ్సియెల్లా లాంటి బాక్టీరియా ఆ సందుల్లోంచి రక్తంలోకి దిగుతాయి. 'నువ్వేం పెట్టావో, ఎవర్ని రానిచ్చావో' అని సేవచేసే ఇల్లాలిని నిలదీసే ఇళ్ళున్నాయి. పాపం, చాలాసార్లు ఆ తప్పు ఎవరిదీ కాదు.

రక్తంలో చేరిన క్రిమి మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీస్తే అది సెప్సిస్. రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, మూత్రపిండాలు మొరాయిస్తాయి. 2017లో ప్రపంచంలో 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందనీ, 1.1 కోట్ల మంది చనిపోయారనీ అంచనా.

న్యూట్రోఫిల్స్ ఎంత తగ్గితే ముప్పు అంత పెరుగుతుందని అమెరికాలో జెరాల్డ్ బోడీ బృందం లుకేమియా రోగులను పరిశీలించి 1966లో చూపించింది. అప్పట్లో ఏ క్రిమో తేలేదాకా ఆగితే చాలామంది రోగులు దక్కేవారు కాదు. క్రిమిని పెంచి గుర్తించే కల్చర్ పరీక్ష రిపోర్టు కోసం చూడకుండా, జ్వరం రాగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఫలితం రాబట్టిన షింఫ్ బృందం పరిశోధన 1971లో వెలువడింది. నేటికీ వైద్యం నడుస్తున్నది ఆ దారినే.

కాబట్టి ఒక్కసారి 101 చేరినా, 100.4 గంటసేపు నిలిచినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. మీ డాక్టరు ఇంకా తక్కువ అంకె చెప్పి ఉంటే అదే పాటించాలి. జ్వరం చూసి, ఆసుపత్రికి చెప్పకముందే పారాసిటమాల్ వేస్తే ఉన్న ఒక్క ఆనవాలూ మాసిపోతుంది. ఊళ్ళో తుంటికి సూది వేయించుకోవడమూ వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే సూది పొడిచిన చోట లోపల రక్తం కారి గడ్డగా చేరవచ్చు. స్టెరాయిడ్లు వాడేవాళ్ళలో, వృద్ధుల్లో జ్వరం రాకపోవచ్చు, ఒళ్ళు చల్లబడనూవచ్చు. చలితో వణుకు, తడబడే మాట, మూత్రం తగ్గడం, ఆయాసం ఉన్నాయేమో చూడాలి. రోగికి చెప్పకుండా ఛాతీ వంక చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. చెబితే తెలియకుండానే తీరు మారుస్తారు. పెద్దవాళ్ళలో లెక్క 22కు చేరితే ప్రమాద సూచన.

అవయవ మార్పిడి జరిగినవాళ్ళకు, తలసీమియా వంటి జబ్బుతో ప్లీహం తీయించుకున్నవాళ్ళకు, డయాలిసిస్ గొట్టం ఉన్నవాళ్ళకు కూడా జ్వరం అత్యవసరమే.

క్యాజువాలిటీలో మొదటి మాటగా 'ఫలానా తేదీన కీమో అయింది, ఇప్పుడు జ్వరం' అని చెప్పి ఫైలు చేతికివ్వండి. కల్చర్‌కు రక్తం తీసి, గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించాలి. తెల్లకణాల కౌంట్ రిపోర్టు వచ్చేదాకా దాన్ని ఆపకూడదు. కోలుకున్నాక తర్వాతి కీమో సైకిల్‌కు ముందు ఈ జ్వరం సంగతి డాక్టరుకు గుర్తుచేయండి. మోతాదు తగ్గించడమో, కౌంట్ పెంచే జి-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ కలపడమో అప్పుడే నిర్ణయిస్తారు.