ప్రదర్శన నుంచి పరిరక్షణకు: జంతుశాలల్లో మార్పులు - తెలుగు జంతునామాల సమస్య

సంగ్రహం

గత మూడు దశాబ్దాల్లో భారతదేశంలోని జంతుశాలలు ఏ జంతువులను ఉంచాలి, ఎందుకు ఉంచాలి, వేటిని చూపాలి అనే విషయాల్లో మౌలికంగా మారాయి. ఈ మార్పును తెలుగు వాడుకలోని జంతునామాలు ఎంతవరకు అందుకుంటున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతవాసులకు అందుబాటులో ఉన్న తిరుపతి, బన్నేరుఘట్ట జంతుశాలలు, హైదరాబాదులోని నెహ్రూ జంతుశాల, హిందూపురం సమీపంలోని వీరాపురం కొంగల స్థావరం ఈ పరిశీలనకు ఆధారాలు. జంతువు రూపాన్ని మాత్రమే చెప్పే పేర్లు దాని జాతిని, వంశాన్ని, జంతుశాలలో అది ఉండటానికి కారణాన్ని మరుగుపరుస్తున్నాయని, ఆ లోటు పరిరక్షణపై ప్రజల అవగాహనను ప్రభావితం చేస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జంతుశాల, పరిరక్షణ, జంతునామాలు, చిరుత, చీతా, రాబందు, వీరాపురం, లేపాక్షి.

1. ప్రవేశిక

శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం జంక్షను నుంచి ఒక రైలుమార్గం పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు సాగుతుంది. మరొకటి కదిరి, పీలేరు మీదుగా పాకాల చేరి తిరుపతి మార్గంలో కలుస్తుంది. ఈ మూడు పట్టణాల్లో జంతుశాల లేదు. ఇక్కడివారు ఏనుగునో సింహాన్నో చూడాలంటే ఈ రెండు దారుల్లో ఒకదానిని పట్టాలి. ఒక దారి చివర బన్నేరుఘట్ట, రెండవ దారి చివర తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతుశాల ఉన్నాయి.

ఈ ప్రయాణంలో మూడు భాషల మాటలు ఎదురవుతాయి. తెలుగులో స్థిరపడిన గ్రాంథిక పదం ‘జంతుప్రదర్శనశాల’. జంతువులను చూపే చోటు అని దాని అర్థం. కన్నడంలో ‘మృగాలయ’, మృగాల నివాసమని అర్థం. తమిళంలో ‘ఉయిరియల్ పూంగా’ అంటే జీవశాస్త్ర ఉద్యానం. వీటిలో తెలుగు మాట ఒక్కటే చూసేవారిని కేంద్రంగా చేసుకొని ఏర్పడింది. తెలుగువారి నిత్యవ్యవహారంలో ‘జూ’, ‘జూపార్కు’ అనే మాటలే ఎక్కువగా వినిపించినా, పాఠ్యగ్రంథాల్లో, పత్రికల్లో ‘ప్రదర్శన’ అనే భావన స్థిరంగా ఉంది. ఆ సంస్థల స్వరూపం మాత్రం ప్రదర్శనకు దూరంగా జరుగుతూ వచ్చింది.

2. సేకరణ స్వరూపంలో వచ్చిన మార్పు

హైదరాబాదులో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో నెహ్రూ జంతుశాల 1963లో ప్రజలకు తెరుచుకుంది. ఆ కాలపు జంతుశాలకు ఎన్ని రకాల జంతువులు ఉంటే అంత గౌరవం. విశాఖపట్నంలో 1977లో, తిరుపతిలో శేషాచలం పాదాల వద్ద 1987లో వచ్చిన జంతుశాలలు ఇనుపబోనుల స్థానంలో కందకాలతో కూడిన విశాలమైన ఆవరణలకు ప్రాధాన్యమిచ్చాయి. పురాణేతిహాసాల్లో ప్రస్తావించబడిన జంతువులన్న భావన తిరుపతి జంతుశాల రూపకల్పనకు మూలం.

చట్టపరమైన మలుపు తరువాత వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ఆధారంగా 1992లో కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ ఏర్పడింది. దాని గుర్తింపు లేకుండా దేశంలో ఏ జంతుశాలా నడవరాదు. 1998 నాటి జాతీయ జంతుశాలల విధానం, అడవుల్లోని జీవజాతుల పరిరక్షణకు తోడ్పడటమే జంతుశాలల ప్రధాన లక్ష్యమని నిర్దేశించింది. అప్పటి నుంచి సేకరణకు ప్రమాణం సంఖ్య కాదు, వంశశుద్ధి. ప్రమాదంలో ఉన్న జాతులకు వంశావళి పుస్తకాలు ఏర్పడ్డాయి. ఏ జంతువును ఏ జంతువుతో జతపరచాలో, దేనిని ఏ జంతుశాలకు మార్చాలో వాటి ఆధారంగా నిర్ణయిస్తారు.

మార్పిడుల పరిధి నేడు దేశం దాటింది. 2025 జూలైలో బన్నేరుఘట్ట నుంచి నాలుగు ఏనుగులు జపానులోని హిమేజీ సెంట్రల్ పార్కుకు విమానంలో వెళ్ళాయి. వాటికి బదులుగా చీతాలు, జాగ్వార్లు, ప్యూమాలు, చింపాంజీలు, కపుచిన్ కోతులు రావాలన్నది ఒప్పందం. తెలుగు పాఠకుడికి ఈ జాబితాలో మొదటి పేరు వద్దనే చిక్కు మొదలవుతుంది.

3. ఒకే పేరు, వేరువేరు జంతువులు

3.1 చిరుత, చీతా

తెలుగులో ‘చిరుత’ అంటే చిరుతపులి. పెనుకొండ, మడకశిర కొండల పరిసరాల్లో చిరుత కనిపించిందన్న వార్తలోని జంతువు ఇదే. కన్నడంలో ‘చిరతె’ కూడా ఇదే జంతువు. 2024లో బన్నేరుఘట్టలో ప్రారంభమైన చిరతె సఫారీ బోర్డును హిందూపురం వాసి తడుముకోకుండా అర్థం చేసుకుంటాడు. అయితే తెలుగు పత్రికలు చీతాను కూడా తరచుగా ‘చిరుత’ అనే రాస్తాయి. చీతా వేరే జాతి. దాని ఒంటిమీద ఉండేవి నిండు చుక్కలు. చిరుతపులి ఒంటిమీద ఉండేవి గుత్తులుగా ఏర్పడిన మచ్చలు. చీతా కంటినుంచి నోటివరకు నల్లని చార దిగుతుంది.

భారతదేశంలో చీతా అంతరించినట్లు 1952లో ప్రకటించారు. 2013లో సౌదీ అరేబియా కానుకగా హైదరాబాదు జంతుశాలకు హిబా, అబ్దుల్లా అనే చీతాల జంట వచ్చింది. హిబా 2020లోను, అబ్దుల్లా 2023 మార్చిలోను మరణించాయి. ఈలోగా 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి తెచ్చిన ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోలో విడిచారు. ఈ వార్తను ‘దేశానికి చిరుతలు వచ్చాయి’ అని చదివిన పెనుకొండ రైతుకు, తన కొండమీద ఉన్న జంతువును విదేశాల నుంచి ఎందుకు తెచ్చారన్న సందేహం కలగడం సహజం. అంతరించిన జాతిని తిరిగి తెచ్చే ప్రయత్నమన్న అసలు విషయం పేరులోనే జారిపోయింది. తమిళంలో ‘శివింగి’ అనే మాట చీతాకు స్థిరపడింది. దానికి దగ్గరి రూపమైన ‘శివంగి’ నేటి తెలుగు వాడుకలో ఆడసింహాన్ని సూచిస్తున్నందున, తెలుగులో ‘చీతా’ అనే పేరునే నిలుపుకోవడం ఆచరణయోగ్యం.

3.2 సింహం, తెల్లపులి

1998 అక్టోబరు 14న కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతపులులు, సింహాలను ఆడించి ప్రదర్శించడాన్ని నిషేధించింది. 2001లో సర్వోన్నత న్యాయస్థానం ఆ నిషేధాన్ని సమర్థించింది. సర్కసుల నుంచి విడిపించిన సింహాలకు, పులులకు తిరుపతి, విశాఖపట్నం, బన్నేరుఘట్టలతో పాటు మరికొన్ని చోట్ల రక్షణకేంద్రాలు ఏర్పడ్డాయి. సర్కసు సింహాల్లో అధికభాగం ఆసియా, ఆఫ్రికా వంశాలు కలిసిన సంకరజాతివి. గిర్ అడవుల్లోని ఆసియా సింహాల వంశంలో అవి కలవకూడదు గనుక వాటికి సంతానం కలగకుండా చూస్తారు. జీవితాంతం పోషించడం, ఆ తరువాత ఆ వరుసను ముగించడం ఈ కేంద్రాల ధర్మం. సంఖ్య క్రమంగా తగ్గడమే ఇక్కడ సాఫల్యం. ఆసియా సింహాల విషయంలో సంఖ్య పెరగడం సాఫల్యం. తెలుగులో రెండూ ‘సింహాలే’ కావడంతో, సింహాల సంఖ్య తగ్గిందన్న వార్త రెండు సందర్భాల్లోనూ నిర్లక్ష్యంగానే అర్థమవుతుంది.

‘తెల్లపులి’ ఇందుకు విపర్యయం. సింహం విషయంలో రెండు వంశాలకు ఒకే పేరు ఉంటే, ఇక్కడ ఒకే జాతికి రెండు పేర్లు ఏర్పడి, తెల్లపులి వేరే జాతి అన్న భ్రమను కలిగిస్తున్నాయి. అది అరుదైన వర్ణభేదం గల బెంగాల్ పులి మాత్రమే. 1951లో రీవా ప్రాంతంలో పట్టుబడిన మోహన్ అనే పులి సంతతిని దగ్గరి బంధుత్వంలోనే జతపరుస్తూ పెంచినందువల్ల ఈ వంశంలో అనేక శారీరక లోపాలు తలెత్తాయి. పరిరక్షణ దృష్టిలో దీనికి ప్రత్యేక విలువ లేదు. అయినా సందర్శకుల ఆదరణ దీనికే ఎక్కువ.

4. చూపని సేకరణ

నేటి జంతుశాలలో అత్యంత విలువైన జంతువులు కొన్ని సందర్శకుడి కంట పడవు. మనుషుల అలికిడికి దూరంగా ఉంచితేనే అవి పిల్లలను కంటాయి. 2010లో నెహ్రూ జంతుశాలలో అంతరిస్తున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల, లాకోన్స్, సహకారంతో మూషిక జింకల పునరుత్పత్తి కార్యక్రమం ఆరంభమైంది. 2017లో కొన్నింటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచారు. ఈ ప్రాణి మూషికమూ కాదు, నిజమైన జింకా కాదు. కొమ్ములులేని వేరే కుటుంబానికి చెందిన చిన్న గిట్టల జంతువు. జంతుశాలలో పుట్టి అడవికి చేరిన ఈ జీవి కథ తెలుగు నేలదే అయినా పాఠ్యపుస్తకాల్లో సింహానికి ఉన్న చోటు దీనికి లేదు.

నెహ్రూ జంతుశాలలోనే రాబందుల పునరుత్పత్తి కేంద్రం కూడా ఉంది. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు అవశేషాలున్న కళేబరాలను తిని, మూత్రపిండాలు చెడి, తెల్లవీపు రాబందు తదితర జాతులు భారతదేశంలో తొంభై శాతానికి మించి నశించాయి. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డు మాత్రమే పెడుతుంది గనుక కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షికి ఈ పక్షితో విడదీయరాని బంధం ఉంది. రావణునితో పోరాడి నేలకూలిన జటాయువును రాముడు ‘లే పక్షీ’ అన్నాడని స్థలపురాణం. జటాయువు గృధ్రరాజు, గృధ్రమంటే రాబందు. అయినప్పటికీ తెలుగులో ‘రాబందు’ అనే మాట శవం మీద వాలేవాడికి, దోచుకునేవాడికి తిట్టుగా స్థిరపడింది. జటాయువుకు మొక్కే భాషే రాబందును ఈసడించుకుంటోంది. ఊరిబయట కళేబరాలను శుభ్రం చేసి రోగాలను అడ్డుకునే పక్షి కోసం జంతుశాల ఎందుకు శ్రమించాలో వివరించడానికి లేపాక్షి కథ కంటే తగిన ఉపోద్ఘాతం తెలుగులో దొరకదు.

5. బోను లేని ప్రదర్శన: వీరాపురం

చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో సేకరణ లేదు, ఆవరణ లేదు. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరిలోని చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి వెళ్ళిపోతాయి. గ్రామస్థులు వాటిని శుభసూచకంగా భావించి కాపాడుకుంటారు. వాడుకలోను, వార్తల్లోను వీటికి స్థిరపడిన పేరు ‘సైబీరియా కొంగలు’. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోని పక్షుల విషయంలోనూ ఇదే మాట వినిపిస్తుంది.

ఎర్రకాళ్ల కొంగ సైబీరియాది కాదు. హిమాలయాలకు దక్షిణాన భారత ఉపఖండంలోను, ఆగ్నేయాసియాలోను జీవించే పక్షి. నిజంగా సైబీరియా నుంచి భరత్‌పూర్‌కు వచ్చిన తెల్లని కొంగ వేరు. 2002 తరువాత అది భారతదేశానికి రావడం మానేసింది. ‘సైబీరియా’ అన్న విశేషణం పక్షిని అతిథిగా మార్చి, దాని మంచిచెడ్డలు ఎక్కడో దూరదేశంలో నిర్ణయమవుతాయన్న భావన కలిగిస్తుంది. వాస్తవానికి ఆ గూళ్ళలోని పిల్లల ఆకలి తీర్చవలసింది చుట్టుపక్కల చెరువుల్లోని చేపలే. చెరువు ఎండినా, చింతచెట్టు కూలినా ఆ పక్షికి నిలువనీడ ఉండదు. దానిని ‘మన కొంగ’ అనగలిగినప్పుడే చెరువు బాధ్యత కూడా మనదవుతుంది.

6. ముగింపు

జంతుశాల నేడు మూడు పనులు చేస్తోంది: ప్రమాదంలో ఉన్న జాతుల వంశాన్ని నిలపడం, విడిపించిన జంతువులను కడదాకా పోషించడం, ప్రజలకు తెలియజెప్పడం. మూడవ పని పూర్తిగా భాష మీద ఆధారపడినది. అందువల్ల తెలుగు బోర్డులపై జంతువు పేరుతో పాటు అది ఎక్కడి నుంచి, ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పాలి. ‘సర్కసు నుంచి విడిపించిన సంకర సింహం’ అన్న మాట చాలు. చీతాకు, చిరుతకు వేరు పేర్లు పాటించాలి. చూపని జంతువుల గురించి చిత్రాలతో వివరణ ఉండాలి. ‘ప్రదర్శన’ను వదిలి ‘జంతుశాల’ అనే పొట్టి మాటను వాడుకలోకి తేవచ్చు.

తెలుగు శాఖల పరిశోధకులు చేయదగిన పని ఇంకా మిగిలి ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు తెలుగు, కన్నడ వాడుకలు కలిసే చోట్లు. ఇక్కడి గొర్రెలకాపరులు, చెరువుల్లో చేపలు పట్టేవారు, కొండపంచల రైతులు పక్షులకు, మృగాలకు వాడే పేర్లను క్షేత్రపర్యటనల ద్వారా సేకరించి, శాస్త్రీయ నామాలతో సరిచూసి కోశంగా కూర్చితే జంతుశాలల బోర్డులకు, పాఠ్యపుస్తకాలకు, పత్రికలకు ప్రామాణికమైన ఆధారం ఏర్పడుతుంది. రాబందును స్వయంగా చూసి గుర్తుపట్టగలిగిన తరం వృద్ధాప్యంలో ఉంది. వారి నోట ఉన్న మాటలను ఇప్పుడే నమోదు చేయవలసి ఉంది.