కెమెరాలోని ఫోటోలు కంప్యూటర్‌లోకి రాకపోతే...

ఈసారి వార్షికోత్సవం నాడు మన హాస్టల్ కెమెరాతో మొత్తం 214 ఫోటోలు తీశాం. వాటిలో 13 పోయాయి. మిగిలిన 201 ఫోటోలు కూడా రెండు రోజుల పాటు పోయినట్టే అనుకున్నాం. ఈ సంచికలో మీరు చూస్తున్న ఫోటోలన్నీ ఆ 201లోంచి ఏరినవే. పోయినవి ఎలా పోయాయి, దొరికినవి ఎలా దొరికాయి అన్నది రాసిపెడితే, వచ్చే ఏడాది సంచిక పని చేసే తమ్ముళ్ళకైనా ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం. పూర్వ విద్యార్థుల ఇళ్ళలో కూడా బీరువా మూలన ఒక పాత డిజిటల్ కెమెరా పడి ఉండే ఉంటుంది. వారికీ పనికొస్తుంది.

హాస్టల్లో మా దగ్గర సెల్‌ఫోన్లు ఉండవన్న సంగతి అందరికీ తెలిసిందే. అందుకే ఫోటో తీయాలంటే పూర్వ విద్యార్థి అన్న ఒకరు ఇచ్చిన కెమెరాయే దిక్కు. కంప్యూటర్ కూడా అలా వచ్చిందే. పాతది కావడంతో కొత్త విండోస్ దాని మీద నడవలేదు. అందులో లినక్స్ మింట్ వేసి ఇచ్చారు. లినక్స్ అంటే ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని, వాడుకుని, మార్చుకుని, ఇతరులకు పంచిపెట్టగలిగే ఆపరేటింగ్ సిస్టమ్. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనికి మూలమైన కెర్నల్ రాయడం మొదలుపెట్టాడు. ఖరీదు లేదు, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. మనలాంటి చోట్లకు ఇంతకంటే ఏం కావాలి! అయితే ఏదైనా ఆగిపోతే బజారులో షాపువాళ్ళు కూడా "మాకు విండోసే తెలుసు" అంటారు. అప్పుడు మనమే చూసుకోవాలి.

ఆ రాత్రి జరిగింది ఇదీ. కేబుల్ పెట్టాం, కెమెరా ఆన్ చేశాం. కంప్యూటర్ పలకలేదు.

మొదట లినక్స్‌నే తిట్టుకున్నాం. తప్పు దానిది కాదు. ఇలాంటప్పుడు ముందు తెలుసుకోవలసింది ఒక్కటే: కెమెరా తగిలించిన సంగతి కంప్యూటర్‌కు తెలిసిందా లేదా? టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి ఇంగ్లీషు చిన్న అక్షరాలలో ఎల్, ఎస్, యు, ఎస్, బి అని అయిదు అక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కితే, యూఎస్‌బీకి తగిలించిన వస్తువులన్నిటి జాబితా వస్తుంది. మౌస్, కీబోర్డు కనిపిస్తాయి. కెమెరా కంపెనీ పేరు కూడా అందులో ఉంటే తంటా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టు. లేకపోతే కేబుల్‌లోనో, పోర్టులోనో, కెమెరాలోనో ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం చిక్కు విడిపోతుంది. మా జాబితాలో కెమెరా లేదు. కేబుల్ మార్చాం, వచ్చింది! చూడటానికి రెండు కేబుళ్ళూ ఒకేలా ఉన్నాయి. కానీ మొదటిది చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేది. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. చవక చార్జింగ్ కేబుళ్ళలో ఆ రెండో జత ఉండదు. కెమెరాలో లైటు వెలుగుతుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుని మోసపోతాం. కొన్ని కెమెరాలైతే ఫోటోలు చూసే ప్లే మోడ్‌లో పెడితే గాని కంప్యూటర్‌తో మాట్లాడవు. బ్యాటరీ తక్కువ ఉంటే మధ్యలో ఆగిపోతాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. కెమెరాలు కంప్యూటర్‌తో రెండు భాషల్లో మాట్లాడతాయి. మొదటిది మాస్ స్టోరేజ్. అంటే కెమెరా "నేనూ ఒక పెన్ డ్రైవ్‌నే" అని చెబుతుంది. అప్పుడు కంప్యూటర్ నేరుగా కార్డులోకి వెళ్ళి ఫైళ్ళు తీసుకుంటుంది. రెండోది పీటీపీ, పిక్చర్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. ఇందులో కెమెరా తన కార్డును మన చేతికివ్వదు. ఏ ఫోటో కావాలో అడిగితే తనే తీసి ఇస్తుంది. మన స్టోర్ రూమ్ సంగతి గుర్తు తెచ్చుకోండి. తాళం మనకిస్తే మనమే వెళ్ళి బియ్యం తెచ్చుకోవడం మొదటి పద్ధతి. కిటికీ దగ్గర నిలబడి అడిగితే లోపలివారు కొలిచి ఇవ్వడం రెండో పద్ధతి. సెల్‌ఫోన్లు వాడే ఎంటీపీ ఈ పీటీపీని పెంచి చేసినదే. కానన్ పవర్‌షాట్ కెమెరాలలో చాలావాటికి పీటీపీ ఒక్కటే వచ్చు. కొన్ని సోనీ, నికాన్ కెమెరాల మెనూలో యూఎస్‌బీ అనే చోటుకు వెళ్ళి ఏ భాష కావాలో మనమే ఎంచుకోవచ్చు. ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి చూడండి, చాలాసార్లు దానితోనే పని అయిపోతుంది.

లినక్స్‌లో పీటీపీ భాష తెలిసినది లిబ్‌జీఫోటో2 అనే లైబ్రరీ. 2,500కు పైగా కెమెరాలు దానికి తెలుసు. కంపెనీ ఇచ్చే సీడీ అక్కరలేదు. షాట్‌వెల్, డిజికామ్ వంటి ఫోటో ప్రోగ్రాములన్నీ లోపల దాన్నే పిలుస్తాయి. టెర్మినల్ నుంచి పిలవాలంటే జీఫోటో2 అనే ప్రోగ్రాము ఉంది.

మా కెమెరా ఫైల్ మేనేజర్‌లో కనిపించింది గాని తెరిస్తే ఖాళీ. వార్డెన్ సారు ఫోన్ అడిగి తీసుకుని, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న మన సీనియర్ అన్నకు చేశాం. "జీఫోటో2 వేసి, ఆటో డిటెక్ట్ అని అడగండిరా" అన్నాడు. అడిగితే కెమెరా పేరు చక్కగా చెప్పింది. ఫోటోల జాబితా అడిగితే మాత్రం యూఎస్‌బీ పరికరం చేతికి రావడం లేదంటూ ఎర్రర్ ఇచ్చింది. మైనస్ 53 అని నంబరు కూడా వేసింది.

ఈ మైనస్ 53 గురించి కాస్త వివరంగా చెప్పాలి. లినక్స్‌లో కెమెరా వాడేవారు ఎక్కువగా తగులుకునేది ఇక్కడే. ఒక కెమెరాతో ఒకసారి ఒక్క ప్రోగ్రామే మాట్లాడగలదు. మనం కేబుల్ పెట్టగానే ఫైల్ మేనేజర్ వెనుక ఉండే జీవీఎఫ్‌ఎస్ అనే భాగం మనం అడగకుండానే వెళ్ళి కెమెరాను పట్టుకుంటుంది. ఆ తర్వాత జీఫోటో2 వెళితే దానికి చోటుండదు. ట్రంకు పెట్టె తాళంచెవి ఒక్కటే ఉండి, అది తీసుకున్నవాడు స్నానానికి పోయినట్టన్నమాట! చేయవలసింది చిన్న పని. ఫైల్ మేనేజర్‌లో ఎడమవైపు కెమెరా పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కాలి. కేబుల్ మాత్రం పీకకూడదు. అప్పుడు జీవీఎఫ్‌ఎస్ తాళంచెవి వదిలేస్తుంది, రెండోవాడు తీసుకోవచ్చు. ఇక్కడ చాలామంది కంగారుపడి కేబుల్ పీకి మళ్ళీ పెడతారు. పెట్టగానే మళ్ళీ జీవీఎఫ్‌ఎస్సే ముందు పరుగెత్తుతుంది. మేము అలా ఏడెనిమిదిసార్లు చేశాం.

ఎజెక్ట్ నొక్కి, షాట్‌వెల్ తెరిచి ఇంపోర్ట్ చేస్తే 214 ఫోటోలూ వచ్చేశాయి. అందరం చప్పట్లు కొట్టాం. అసలు నష్టం ఆ చప్పట్ల తర్వాత జరిగింది.

ఇంపోర్ట్ అయిపోగానే "కెమెరాలోని ఫోటోలు తీసేయమంటారా, ఉంచమంటారా?" అని షాట్‌వెల్ అడిగింది. తీసేయమన్నాం. అది మొదటి తప్పు. పాత కంప్యూటర్ కదా, హార్డ్ డిస్కులో చోటు తక్కువ. డీటీపీ సెంటరుకు ఎలాగూ తీసుకెళ్ళాలని ఫోటోలను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయకుండా కట్ చేసి పేస్ట్ చేశాం. అది రెండో తప్పు. పేస్ట్ కిటికీ మాయం కాగానే పెన్ డ్రైవ్ లాగేశాం. అది అన్నిటికంటే పెద్దది.

లినక్స్ పెన్ డ్రైవ్‌కు రాయవలసింది ముందు తన మెమరీలో పెట్టుకుని, మెల్లగా రాస్తుంది. తెర మీద పని అయిపోయినట్టు కనిపించినా లోపల ఇంకా రాస్తూనే ఉండవచ్చు. ఎజెక్ట్ నొక్కితే మిగిలింది మొత్తం రాసి, ఇక తీయవచ్చని చెబుతుంది. మేము ఆగలేదు. మర్నాడు డీటీపీ సెంటరులో తెరిస్తే పేర్లున్నాయి, ఫోటోలు లేవు. చాలా ఫైళ్ళ సైజు సున్నా. కంప్యూటర్‌లో లేవు, కెమెరాలో లేవు, పెన్ డ్రైవ్‌లో లేవు.

ఆ ఫోటోలలో ఏముందో చెప్పాలి. ఈ ఏడాది రిటైరైన వంట పెద్దమ్మకు శాలువా కప్పినది ఉంది. ఒక రోజు కూలి వదులుకుని పిల్లల ఆటపాటలు చూడటానికి వచ్చిన తల్లిదండ్రులవి ఉన్నాయి. ఒక ఆరో తరగతి తమ్ముడు వాళ్ళ నాన్నతో కలిసి దిగిన మొదటి ఫోటో అందులోనే ఉంది. "అన్నా, ఫోటో ఎప్పుడిస్తారు?" అని ఆ రోజు నుంచీ అడుగుతున్నాడు. వాడికి ఎదురుపడకుండా మేము రెండు రోజులు మెస్‌కు చివరి పంక్తిలో వెళ్ళాం.

మళ్ళీ సీనియర్ అన్నే కాపాడాడు. "కెమెరాతో మళ్ళీ ఫోటోలు తీశారా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. తీశాం. భోజనశాల మరమ్మతులు చూపించడానికి కావాలని సారు అడిగితే మర్నాడు ఉదయమే 12 తీశాం. "ఇక ఒక్కటి కూడా తీయకండి, కార్డు బయటికి తీసి పెట్టండి" అన్నాడు.

కార్డులో ఫోటో తీసేయడమంటే ఫోటోను చెరిపేయడం కాదు. పుస్తకం ముందున్న విషయసూచికలో ఆ పాఠం పేరు కొట్టేయడం లాంటిది. పేజీలు అలాగే ఉంటాయి. అయితే ఆ పేజీలు ఖాళీ అనుకుని కెమెరా వాటి మీదే కొత్త ఫోటోలు రాస్తుంది. అలా రాసినవి ఇక తిరిగి రావు. విషయసూచికతో పని లేకుండా పేజీపేజీ తిరగేసి, జెపెగ్ ఫోటో మొదలైన గుర్తు ఎక్కడుందో వెతికి బయటికి తీసే ప్రోగ్రాము ఫోటోరెక్. క్రిస్టోఫ్ గ్రెనియే రాశాడు, ఉచితం. లినక్స్‌లో టెస్ట్‌డిస్క్ అనే ప్యాకేజీతో కలిసి వస్తుంది.

దీనికి కెమెరా కేబుల్ చాలదు. పీటీపీలో కెమెరా తీసేసిన ఫోటోలను ఇవ్వదు, స్టోర్ రూమ్‌లోకి మనల్ని రానివ్వదు. కార్డు రీడర్ కావాలి. నూట ఇరవై రూపాయలకు కొన్నాం. ఇది ముందే కొని ఉంటే కేబుల్, మైనస్ 53 బాధలేవీ ఉండేవి కావని తర్వాత తెలిసింది. కార్డు తీసి రీడర్‌లో పెడితే ఏ కెమెరా అయినా పెన్ డ్రైవే. పక్కనున్న చిన్న తాళం మీట కిందికి జరిపితే కార్డు మీద ఏమీ రాయకుండా ఆపుతుంది. మామూలుగా ఫైళ్ళు తీసేయడం కుదరడం లేదంటే ముందు ఈ మీట చూసుకోవాలి. మాకు ఇప్పుడు కావలసింది అదే కాబట్టి మీట కిందికి దించే పెట్టాం.

బాణాల మీటలతో కార్డును ఎంచుకోవడం, ఏ రకం ఫైళ్ళు కావాలో చెప్పడం, ఎక్కడ దాచాలో చెప్పడం, అంతే. దాచేది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అదే కార్డులో కాకూడదు. మా 4 జీబీ కార్డుకు పది నిమిషాలు పట్టింది. తెర మీద అంకె పెరుగుతుంటే క్రికెట్ స్కోరు చూసినట్టు చూశాం.

201 వచ్చాయి. తీసింది 12 అయితే పోయింది 13 ఎందుకంటే, చివరి కొత్త ఫోటో కొస పదమూడో పాత ఫోటో తల మీద పడింది. జెపెగ్ గుర్తు ఉండేది తలలోనే. తల పోతే మొండెం ఉన్నా ఫోటోరెక్‌కు కనిపించదు. దొరికిన ఫోటోలకు పాత పేర్లు కూడా ఉండవు, ఏవో పొడవాటి అంకెలుంటాయి. అయితే ప్రతి ఫోటో లోపల తీసిన తేదీ, సమయం రాసి ఉంటాయి కాబట్టి వరుస పెట్టుకోగలిగాం. మన కెమెరాలో తేదీ తప్పుగా ఉంది, బ్యాటరీ తీసినప్పుడు మొదటికి పోయినట్టుంది. వరుసకు ఆ లోటు అడ్డు రాలేదు.

అనుకోనిది ఇంకొకటి దొరికింది. కెమెరా ఇచ్చిన అన్న ఇంట్లోవాళ్ళ పాత ఫోటోలు, ఎప్పుడో తీసేసినవి, కార్డు చివరి భాగం నుంచి బయటికి వచ్చాయి. మేము చూడకూడనివి. వాటిని ఆయనకే పంపి మా దగ్గర తీసేశాం. కెమెరాగాని, ఫోన్ కార్డుగాని ఎవరికైనా ఇచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కార్డు మొత్తం సున్నాలతో నింపి ఇవ్వండి, లేదా కార్డు తీసేసి కెమెరా ఇవ్వండి.

కొత్త కార్డు కొనేవారికి ఒక మాట. 2006 కంటే ముందు వచ్చిన కెమెరాలు, రీడర్లు సాధారణంగా 2 జీబీ దాటిన కార్డును గుర్తుపట్టవు. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. పాత లినక్స్‌లో వీటికి విడిగా ప్యాకేజీ వేసుకోవాల్సి వచ్చేది. 2019లో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి వివరాలు బయటపెట్టాక, 2020లో వచ్చిన 5.7 కెర్నల్ నుంచి లినక్స్‌లోనే మంచి డ్రైవర్ ఉంది.

వంట పెద్దమ్మ ఫోటో ప్రింటు తీయించి వాళ్ళ ఊరికి వెళ్ళి ఇచ్చి వచ్చాం. ఆరో తరగతి తమ్ముడికి రెండు కాపీలిచ్చాం, ఒకటి ఇంటికి. పోయిన 13లో ఉదయం జెండా ఎగురవేసినది, జ్యోతి వెలిగించినది, పదో తరగతి వాళ్ళ గ్రూపు ఫోటో ఉన్నాయి. ఆ ఉదయం వచ్చిన పూర్వ విద్యార్థి అన్నలు కొందరు తమ ఫోన్లలో ఫోటోలు తీయడం మేము చూశాం. ఆ గ్రూపు ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే వార్డెన్ సారు నంబరుకు పంపగలరు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోయి ప్రింటుకు పనికిరాదు. డాక్యుమెంట్ అన్న చోట నొక్కి పంపండి.