ఎం.డి.ఎస్. పెరియోడాంటాలజీ: చిగుళ్ళ వైద్యుని శిక్షణ

పన్ను ఊడిపోవాలంటే అది పుచ్చి ఉండనవసరం లేదు. చూడడానికి తెల్లగా, గట్టిగా ఉన్న పన్ను కూడా దాన్ని పట్టి ఉంచే ఆధారం కరిగిపోతే కదులుతుంది, చివరకు ఊడుతుంది. ఆ ఆధారాన్ని అధ్యయనం చేసి, దాని జబ్బులకు చికిత్స చేసే శాస్త్రమే పెరియోడాంటాలజీ. గ్రీకు భాషలో 'పెరి' అంటే చుట్టూ, 'ఓడోంట్' అంటే పన్ను. తెలుగులో పరిదంత శాస్త్రం అని రాసేవారున్నారు గాని, ఆసుపత్రి ఓ.పి. చీటీ మీద 'పెరియో' అనే ఉంటుంది. మనం కూడా అలాగే పిలుద్దాం.

దంతవైద్య పట్టభద్రుడు ఈ శాఖలో నిపుణుడు కావడానికి పొందే శిక్షణ ఎలా ఉంటుందో ఈ పాఠంలో తెలుసుకుంటారు. మీలో చాలామంది దంతవైద్య విద్యార్థులు కారు. అయినా ఒక వృత్తి తన నిపుణులను ఎలా తయారు చేసుకుంటుందో గ్రహించడానికి ఇది మంచి ఉదాహరణ. పైగా చిగుళ్ళు అందరికీ ఉన్నాయి.

1. పన్ను చుట్టూ ఉన్నది

పన్నుకు ఆధారం నాలుగు కణజాలాలు: పైకి కనిపించే చిగురు, పంటి వేరును కప్పే సిమెంటం, పన్ను కూర్చున్న దవడ ఎముక గుంట, వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారపోగుల్లాంటి బంధకం. పన్ను ఎముకలో మేకులాగా దిగగొట్టి ఉండదు. ఈ నారపోగుల మీద వేలాడుతూ ఉంటుంది. గట్టి వస్తువు కొరికినప్పుడు పన్ను రవ్వంత అణిగి మళ్ళీ యథాస్థితికి వచ్చేది అందుకే.

చిగురుకూ పంటికీ మధ్య సన్నని గాడి ఉంటుంది. ఆరోగ్యవంతునిలో దాని లోతు సుమారు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. ఆ గాడి దగ్గర పాచి నిలిస్తే చిగురు వాస్తుంది, రక్తం కారుతుంది. ఈ దశను జింజివైటిస్ అంటారు. వాపు లోపలికి దిగి నారపోగులను, ఎముకను తినడం మొదలుపెడితే అది పెరియోడాంటైటిస్. మన పెద్దలు పయోరియా అన్నది దీన్నే. మొదటిది పూర్తిగా నయమవుతుంది. రెండోదాన్ని ఆపవచ్చు గాని, పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ఈ ఒక్క తేడా మీదే శిక్షణ మొత్తం ఆధారపడి ఉంది.

2. ప్రవేశం

మన దేశంలో బి.డి.ఎస్. ఐదేళ్ళు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. దాని తరువాత మూడేళ్ళ ఎం.డి.ఎస్. ఈ స్థాయిలో మొత్తం తొమ్మిది శాఖలున్నాయి, వాటిలో పెరియోడాంటాలజీ ఒకటి. ప్రవేశం నీట్ ఎం.డి.ఎస్. ద్వారా జరుగుతుంది. 2017 నుంచి ఈ పరీక్ష జాతీయ స్థాయిలో జరుగుతోంది. మూడు గంటలు, 240 ప్రశ్నలు, 960 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం రాష్ట్రంలోని సీట్లకు కౌన్సెలింగ్ నిర్వహిస్తాయి. పాఠ్యప్రణాళిక మాత్రం భారత దంతవైద్య మండలి 2017లో చేసిన నిబంధనల ప్రకారం వచ్చింది. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్‌ను ఏర్పరచేందుకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది.

కౌన్సెలింగ్‌లో ఎక్కువమంది కన్ను ముందుగా ఆర్థోడాంటిక్స్, ఎండోడాంటిక్స్, దవడ శస్త్రచికిత్స మీద పడుతుంది. వంకర పళ్ళు సరిచేయించుకోవడానికి, నొప్పి పోగొట్టుకోవడానికి జనం వెతుక్కుంటూ వస్తారు. చిగుళ్ళ జబ్బుకు ఆ హంగు లేదు, చాలాకాలం నొప్పి కూడా ఉండదు. కాబట్టి ర్యాంకు వల్ల ఇటు వచ్చినవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. దాన్ని నేను లోపంగా చూడను. ఇష్టపడి వచ్చినవారికీ, వచ్చాక ఇష్టం పెంచుకున్నవారికీ మూడో ఏడాదిలో తేడా కనిపెట్టడం కష్టం.

3. చదువు

మొదటి ఏడాది శరీర నిర్మాణం, జీవరసాయనం, రోగనిర్ధారణ శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, ఔషధ శాస్త్రం, గణాంకాలు మళ్ళీ చదవాలి. బి.డి.ఎస్.లో చదివినవే కదా అనిపిస్తుంది. కాని ఇక్కడ ప్రశ్న మారుతుంది. ఎముక అంటే ఏమిటి అని అడగరు. ఈ రోగికి ఎముక ఎందుకు కరిగింది, అదే నోట్లో పక్క పంటికి ఎందుకు కరగలేదు అని అడుగుతారు. ఏడాది చివర మూల విజ్ఞానాలలో ఒక పేపరు ఉంటుంది.

విద్యార్థులు తప్పక చదివే పరిశోధనలు రెండింటిని ఇక్కడ చెబుతాను. రెండింటిలోనూ నార్వేకు చెందిన హరాల్డ్ లో ముఖ్యుడు. 1965లో ప్రచురించిన మొదటి ప్రయోగంలో ఆరోగ్యవంతులైన 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. తోమడం మళ్ళీ మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే తగ్గాయి. పాచి కారణం, వాపు ఫలితం అని అంత సూటిగా చూపిన ప్రయోగం అంతకు ముందు లేదు.

రెండోది శ్రీలంక తేయాకు తోటల్లో 1970లో మొదలై 15 ఏళ్ళు సాగింది. అక్కడి 480 మంది పురుష కార్మికులకు పళ్ళు శుభ్రం చేసుకునే అలవాటు గాని, దంతవైద్యం గాని లేవు. అందరి నోళ్ళలోనూ పాచి, గార పుష్కలం. మొదటి ప్రయోగాన్ని బట్టి చూస్తే అందరి పళ్ళూ ఒకేలా పాడవాలి. అలా జరగలేదు. సుమారు 8 శాతం మందికి ఆధారం వేగంగా నశించింది, 81 శాతానికి మధ్యస్థంగా నశించింది, 11 శాతం మందికి చిగుళ్ళ వాపు దాటి ముందుకే పోలేదు. అంటే పాచి లేనిదే జబ్బు లేదు, కాని పాచి ఉన్నంత మాత్రాన అందరికీ ఒకే జబ్బు రాదు. శరీరం ఎలా స్పందిస్తుందన్నది మిగతా సగం. పొగ తాగడం, అదుపులో లేని మధుమేహం ఆ స్పందనను చెడగొడతాయి.

ఈ ఆలోచనే నేటి రోగ వర్గీకరణలోకి వచ్చింది. 2017లో జరిగిన ప్రపంచ స్థాయి సమావేశంలో నిర్ణయించి 2018లో ప్రచురించిన పద్ధతిలో జబ్బుకు రెండు కొలతలు: ఇప్పటికి ఎంత నష్టం జరిగిందో చెప్పే నాలుగు దశలు, ఇకముందు ఎంత వేగంగా పోతుందో అంచనా వేసే ఎ, బి, సి శ్రేణులు. రోజుకు 10 సిగరెట్లు, ఆపైన తాగేవారిని, మూడు నెలల చక్కెర సగటు చూపే హెచ్‌.బి.ఎ.1సి 7 శాతం, ఆపైన ఉన్న మధుమేహ రోగులను సి శ్రేణిలోకి చేరుస్తారు. కనుక పి.జి. విద్యార్థి నోటిని చూసే ముందు రక్త పరీక్ష కాగితం అడుగుతాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1965 నాటి ప్రయోగం ఒక్కటే ఉండి, శ్రీలంక అధ్యయనం జరగకపోతే వైద్యులు రోగికి చెప్పే మాటలో ఏ తేడా ఉండేది? నాలుగు వాక్యాలలో రాయండి.

4. చేతి పని

కొత్తగా చేరిన విద్యార్థికి మొదట ప్రోబ్ పట్టుకోవడం నేర్పుతారు. అది మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కడ్డీ. దాన్ని చిగురు గాడిలో దించి లోతు కొలవాలి. ఒక్కో పంటికి ఆరు చోట్ల. నోట్లో 28 పళ్ళుంటే 168 కొలతలు. వాడవలసిన ఒత్తిడి సుమారు 25 గ్రాములు. ఎక్కువ నొక్కితే వాచిన చిగురును దాటి కడ్డీ లోపలికి దిగుతుంది, లేని జబ్బు కాగితం మీదకు వస్తుంది. తక్కువ నొక్కితే ఉన్న జబ్బు కనబడదు. ఒకే రోగిని ఇద్దరు విద్యార్థులు కొలిచి కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే మొదటి నెలల్లో వచ్చే తేడాలు చూసి వాళ్ళే ఆశ్చర్యపోతారు.

తరువాత క్యూరెట్లు. వేరు మీద అంటుకున్న గారను గీకి తీసే పనిముట్లు ఇవి. గ్రేసీ క్యూరెట్ల జతలో ఒక్కొక్కటి కొన్ని పంటి ముఖాలకే పనికొస్తుంది. 11-12 అంకె ఉన్నది దవడ పంటికి ముందు వైపు, 13-14 వెనుక వైపు. వంచిన మొన చిగురు కింద ఉంటుంది, కంటికి కనిపించదు. గార తగిలిందా, నున్నటి వేరు తగిలిందా అన్నది వేళ్ళ కొసలే చెప్పాలి. అంచు మొద్దుబారితే గార ఊడకుండా నున్నగా అణిగిపోతుంది, వైద్యుడు పని అయిందనుకుంటాడు. అందుకే పనిముట్టు రాతి మీద సాన పెట్టుకోవడం కూడా శిక్షణలో భాగం. ఆ పనిని కాంపౌండరు మీద వదిలేసే విద్యార్థి చేతి పని ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

చిగురు కోసి, మడిచి, కింద శుభ్రం చేసి కుట్టే శస్త్రచికిత్సలు దీని తరువాతే. కోత, కుట్టు ముందు నమూనా దవడల మీద సాధన చేస్తారు. ఎముక లోపించిన గుంటలో ఎముక పొడి నింపడం, వేరు మీదకు చిగురు కణాలు ముందుగా పాకకుండా పల్చని పొర అడ్డుపెట్టడం, అంగిలి నుంచి కణజాలం తీసి వేరు బయటపడిన చోట అతికించడం, కృత్రిమ దంతమూలం అమర్చడం క్రమంగా నేర్పుతారు.

5. పేపరు లేని పాఠం

ఈ శిక్షణలో అత్యంత కష్టమైన భాగానికి ప్రశ్నపత్రం లేదు. రోగి కుర్చీలో కూర్చుని మొదట అనే మాట, 'క్లీనింగు చేయిస్తే పళ్ళు వదులవుతాయంట గదండీ' అని. ఇది ఉత్త మూఢనమ్మకం అని కొట్టేస్తే ఆ మనిషి మళ్ళీ రాడు. ఆమె పక్కింటావిడకు నిజంగానే అలా జరిగి ఉండవచ్చు. ఎముక కరిగిపోయిన పళ్ళను గట్టి గారే ఒకదానికొకటి అతికించి పట్టి ఉంచుతుంది. గార తీయగానే దాచి ఉన్న కదలిక బయటపడుతుంది. వాపు తగ్గి చిగురు కిందికి పోవడంతో పళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి, చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. చికిత్స కొత్తగా చేసిన నష్టం కాదది. జబ్బు ముందే చేసినది. ఈ సంగతి గార తీయకముందు చెబితే వివరణ, తీశాక చెబితే సాకు.

ఈ మాట ఇంగ్లీషులో చదువుకున్న విద్యార్థి రోగి భాషలో చెప్పగలగాలి. 'అటాచ్‌మెంట్ లాస్' అంటే ఆమెకు అర్థం కాదు. 'గోడ బాగానే ఉందమ్మా, పునాది మట్టి కొట్టుకుపోయింది' అంటే అర్థమవుతుంది.

రెండో చిక్కు కాలం. శుభ్రం చేశాక ఫలితం చూడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. ఎముక పొడి వేసిన చోట ఆరు నెలలకు పైగా. ఆ తరువాత కూడా మూడు నెలలకోసారి రోగి రావాలి. నొప్పి తగ్గిన కూలి మనిషి ఒక రోజు పని మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వస్తాడా? అతడు రాకపోతే విద్యార్థి తన పని నిలిచిందో లేదో ఎప్పటికీ తెలుసుకోలేడు. మూడేళ్ళ కోర్సు ఎందుకని అడిగేవారికి నా జవాబు ఇదే: ఒకే నోటిని ఏడాది, రెండేళ్ళు వరుసగా చూడనివాడికి ఈ జబ్బు తెలియదు. శస్త్రచికిత్సలు ఎన్ని చేశారని లెక్క అడుగుతాం. ఎంతమంది రోగులు తిరిగి వచ్చారని కూడా అడగాలి.

6. సిద్ధాంత వ్యాసం, పరీక్ష, ఆ తరువాత

విద్యార్థి ఒక పరిశోధన చేసి సిద్ధాంత వ్యాసం సమర్పించాలి. నైతిక సంఘం అనుమతి, రోగి రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. అంగీకార పత్రం తెలుగులో ఉంటే చాలదు, చదివి వినిపించాలి. మధ్యలో మానేసిన రోగుల సంఖ్యను దాచకుండా రాసిన వ్యాసానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మూడో ఏడాది చివర మూడు పేపర్లు, తరువాత ప్రయోగ పరీక్ష. రోగులను పరీక్షించి చర్చించాలి, ఒక రోగికి పరీక్షకుల ఎదుట శస్త్రచికిత్స చేయాలి. మర్నాడు అదే రోగిని తిరిగి చూపించాలి. మౌఖిక పరీక్షతోపాటు పాఠం చెప్పే నేర్పును కూడా చూస్తారు.

ఉత్తీర్ణులైనవారిలో కొందరు కళాశాలల్లో అధ్యాపకులవుతారు. చాలామంది పట్నంలో నాలుగైదు క్లినిక్‌లకు వారంలో ఒక్కో రోజు చొప్పున వెళ్ళే కన్సల్టెంట్లవుతారు. అక్కడ వారిని పిలిచేది ఎక్కువగా శస్త్రచికిత్సకు, కృత్రిమ దంతమూలాలకు. వాటి రుసుము పెద్దది. చిగుళ్ళ జబ్బుతో పన్ను పోగొట్టుకున్న నోట్లోనే కొత్త మూలం అమరుస్తారు. పాచి అక్కడే ఉంటే దాని చుట్టూ ఎముక కూడా అదే విధంగా కరుగుతుంది, దానికి పెరి-ఇంప్లాంటైటిస్ అని పేరు. దాన్ని నివారించే మూడు నెలల తనిఖీకి కన్సల్టెంటు ఉండడు, క్లినిక్ యజమానికి తీరిక ఉండదు. తన రోగుల పేర్లు, ఫోను నంబర్లు, తిరిగి రావలసిన తేదీలు ఒక పుస్తకంలో రాసుకుని, ఏ క్లినిక్ అయినా తానే ఫోను చేయించే కన్సల్టెంట్లు కొందరున్నారు. ఆ అలవాటు వారికి పి.జి.లో తమ సిద్ధాంత వ్యాసం రోగులను వెంటబడి పిలిపించుకున్న రోజుల్లో అబ్బినదే.